రాట్‌బ్లాట్ బాంబు పని వదిలేసి ఏం సాధించారు? ఒక ఫిజిక్స్ విద్యార్థినికి జవాబు

తల్లీ, నీ ప్రశ్న జాగ్రత్తగా చదివాను. అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది చదువుతున్నావు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసి మధ్యలో వదిలి వచ్చిన శాస్త్రవేత్త జోసెఫ్ రాట్‌బ్లాట్ గురించి సెమినార్‌లో మాట్లాడితే క్లాస్‌లో ఒకబ్బాయి లేచి, "ఆయన వెళ్లిపోతే బాంబు ఆగిందా? తన చేతులకు మసి అంటకుండా చూసుకున్నాడు, అంతే కదా" అన్నాడు. నువ్వు సరైన జవాబు చెప్పలేకపోయావు. ఇంకో పక్క మీ నాన్నగారు అణుశక్తి, రక్షణ సంస్థల పరీక్షలకు అప్లై చేయమంటున్నారు. రాట్‌బ్లాట్‌ను గౌరవిస్తూనే ఆ పరీక్షలు రాస్తే ఆత్మవంచన అవుతుందేమోనని నీ టెన్షన్.

నేను కడపలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. కేంద్రక విచ్ఛిత్తి పాఠం వచ్చినప్పుడల్లా, ఒక యురేనియం కేంద్రకం పగిలితే సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుందన్న లెక్క బోర్డు మీద పూర్తయ్యాక, రాట్‌బ్లాట్ కథకు ఒక పీరియడ్ ఇచ్చేవాణ్ణి. అది సిలబస్‌లో ఉండదు. అయినా ఆ లెక్క నేర్చుకున్న పిల్లలకు ఆ కథ కూడా తెలిసి తీరాలని నా గట్టి నమ్మకం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ అబ్బాయి మాట. బాంబు ఆగలేదు, నిజమే. బాంబు తయారైన అమెరికా రహస్య ప్రయోగశాల లాస్ అలమోస్‌ను రాట్‌బ్లాట్ విడిచింది 1944 క్రిస్మస్ ముందు రోజు. ఏడు నెలలు నిండకముందే, 1945 జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో మొదటి పరీక్ష జరిగింది. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆ ఏడాది చివరికి రెండు ఊళ్లలో కలిపి లక్షకు ఎంతో పైగా మనుషులు పోయారు, కొన్ని అంచనాల్లో రెండు లక్షల పైచిలుకు. కాబట్టి "ఆపగలిగాడా" అని అడిగితే లేదనే చెప్పాలి. కానీ నేను పిల్లలకు చూపించాలనుకున్నది అది కాదు. ఆ పనిలోకి దిగేటప్పుడే ఆయన తనకు తాను ఒక షరతు పెట్టుకున్నారు. ఆ షరతు తప్పిన రోజున దాన్ని గుర్తుపెట్టుకున్నారు. ఆయన పక్కనే పనిచేసిన చాలామంది కూడా అదే కారణంతో వచ్చారు. కారణం పోయింది, వాళ్ల పని మాత్రం సాగింది. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఇక్కడుంది.

ఆయన 1908లో వార్సాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రిది గుర్రబ్బండ్లతో సరుకు రవాణా చేసే వ్యాపారం. మొదటి ప్రపంచ యుద్ధంలో అది దెబ్బతింది, ఇల్లు గడవడమే కష్టమైంది. కొడుకు ఎలక్ట్రీషియన్ పని చేసుకుంటూ చదువుకున్నారు, 1938లో వార్సా యూనివర్సిటీలో డాక్టరేట్ తెచ్చుకున్నారు. 1939 మొదట్లో విచ్ఛిత్తి వార్త యూరప్ అంతా పాకింది. ఆయన తన ప్రయోగశాలలోనే ప్రయోగం చేసి, యురేనియం పగిలినప్పుడు న్యూట్రాన్లు బయటికొస్తాయని చూశారు. ఒక న్యూట్రాన్ పోయి ఒకటికన్నా ఎక్కువ వస్తే శృంఖల చర్య సాగుతుంది. అది సెకనులో పది లక్షల వంతు కన్నా తక్కువ కాలంలో జరిగిపోతే అంత శక్తీ ఒక్కసారిగా బయటపడుతుంది. అంటే బాంబు. ఈ ఆలోచన వచ్చిన వెంటనే దాన్ని మనసులోంచి తోసేయాలని చూశానని ఆయనే తర్వాత రాసుకున్నారు.

ఆ ఏడాదే లివర్‌పూల్‌లో జేమ్స్ ఛాడ్విక్ దగ్గరికి వెళ్లారు. 1932లో న్యూట్రాన్‌ను కనుగొన్న ఛాడ్విక్ ఆయనే. (ఇక్కడ ఒక మాట. భీమవరం ప్రాంతం నుంచి వెళ్లిన మన స్వామి జ్ఞానానంద కూడా అదే ఛాడ్విక్ దగ్గర పరిశోధన చేసినవారే. తిరిగొచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి పునాది వేశారు. మన దగ్గర ఈ సబ్జెక్టు చెప్పిన పాతతరం మాస్టర్లలో చాలామంది ఆ విభాగంలో తయారైనవాళ్లే.) రాట్‌బ్లాట్‌కు వచ్చే డబ్బు ఇద్దరి పోషణకు చాలక భార్య తోలా వార్సాలోనే ఉండిపోయింది. ఛాడ్విక్ ఫెలోషిప్ ఇప్పించాక, 1939 ఆగస్టులో ఆమెను తీసుకురావడానికి వెళ్లారు. ఆమెకు అపెండిసైటిస్ ఆపరేషన్ అయి ప్రయాణం చేసే స్థితిలో లేదు. కొద్ది రోజుల్లో వచ్చేస్తుందిలే అని ఆగస్టు చివర్లో ఒక్కరే రైలెక్కారు. సెప్టెంబర్ 1న జర్మనీ పోలండ్ మీద పడింది. బెల్జియం మీదుగా, డెన్మార్క్ మీదుగా, ఇటలీ మీదుగా ఆమెను బయటికి తెప్పించాలని ప్రయత్నించారు. ఒక్కో దారీ యుద్ధంతో మూసుకుపోయింది. నాజీలు యూదుల మీద సాగించిన హత్యాకాండలో తోలా కూడా చనిపోయింది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నీ క్లాస్‌మేట్ లాంటివాళ్లు ఆయన్ను కష్టం తెలియని ఆదర్శవాది అనుకుంటారు. హిట్లర్ అంటే ఏమిటో ఆయనకు తెలిసినంతగా లాస్ అలమోస్‌లో ఎంతమందికి తెలుసు? విచ్ఛిత్తిని కనుగొన్నది బెర్లిన్‌లో. జర్మన్ శాస్త్రవేత్తల చేతికి బాంబు వస్తే హిట్లర్ దాన్ని వాడతాడు. వాడకుండా ఆపాలంటే మన దగ్గర కూడా ఉండాలి, ఉందని వాడికి తెలియాలి. ఈ ఒక్క కారణంతోనే ఆయన 1939 నవంబర్‌లో ఛాడ్విక్ దగ్గరికి వెళ్లి బాంబు సాధ్యమో కాదో చూద్దామన్నారు. వాడటానికి కాదు, ఎదుటివాడు వాడకుండా ఉండటానికి. ఇదీ షరతు.

1944 మొదట్లో బ్రిటిష్ బృందంతో లాస్ అలమోస్ చేరారు. అక్కడ పనిచేయాలంటే బ్రిటిష్ పౌరసత్వం తీసుకోవాలన్నారు. యుద్ధం అయ్యాక పోలండ్‌కే తిరిగి వెళ్తాను, తీసుకోను అన్నారు. ఆయన కోసం ఆ నిబంధన సడలించారు. ఆ మార్చిలో ఒక రాత్రి ఛాడ్విక్ ఇంట్లో భోజనానికి, మొత్తం ప్రాజెక్టుకు అధిపతి అయిన జనరల్ లెస్లీ గ్రోవ్స్ వచ్చాడు. మాటల మధ్యలో, ఈ బాంబు అసలు ఉద్దేశం సోవియట్లను అణచి ఉంచడమే అన్నాడు. అప్పటికి సోవియట్ సైనికులు తూర్పు రంగంలో హిట్లర్‌తో పోరాడుతూ రోజూ వేల సంఖ్యలో చనిపోతున్నారు. వాళ్లు మిత్రపక్షం. ఆ మాట విని తనకు గొప్ప మోసం జరిగినట్టు అనిపించిందని రాట్‌బ్లాట్ రాశారు.

అయినా ఆ రాత్రే వెళ్లిపోలేదు. దీన్ని గమనించు. హిట్లర్ ముప్పు ఇంకా ఉందనుకున్నారు కాబట్టి ఉండిపోయారు. 1944 చివర్లో జర్మన్లు బాంబు ప్రయత్నం ఎప్పుడో వదిలేశారని ఛాడ్విక్ ద్వారా తెలిసింది. ఇక ఉండటానికి కారణం లేదు. వెళ్లిపోతానన్నారు. అప్పుడు జరిగింది చూడు. భద్రతా విభాగం ఆయన మీద ఒక దస్త్రం తయారుచేసింది. సోవియట్ గూఢచారి అని, అక్కడికి చేరి రహస్యాలు చెప్పే పథకం వేశాడని అందులో రాశారు. దాదాపు అంతా కల్పన అని ఆయన తేలిగ్గానే చూపించగలిగారు. చివరికి ఒప్పుకున్నారు కానీ, ఎందుకు వెళ్తున్నాడో తోటివాళ్లకు చెప్పకూడదన్నారు. భార్య గురించి ఆందోళనతో వెళ్తున్నానని చెప్పాల్సి వచ్చింది. తన కాగితాలు, ఉత్తరాలు, నోట్సు ఒక పెట్టెలో సర్దుకుని బయల్దేరితే, వాషింగ్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లే రైల్లో ఆ పెట్టె మాయమైంది. మళ్లీ కనిపించలేదు.

మనస్సాక్షి కారణంగా ఆ ప్రాజెక్టు మధ్యలో బయటికొచ్చిన శాస్త్రవేత్తగా చరిత్రలో నిలిచింది ఆయనొక్కరే. మరి మిగతావాళ్లు? వాళ్లేమైనా చెడ్డవాళ్లా? కాదు. ఆనాటి ప్రపంచంలోని అతి తెలివైన, సంస్కారం ఉన్న మనుషులు వాళ్లు. ఎందుకు ఉండిపోయారని రాట్‌బ్లాట్ వాళ్లను అడిగి చూశారు. నలభై ఏళ్ల తర్వాత, 1985లో రాసిన వ్యాసంలో వాళ్ల జవాబులు చెప్పారు. ఎక్కువమంది చెప్పిన కారణం కుతూహలం. కాగితం మీది లెక్క నిజమవుతుందా లేదా చూడాలి, చర్చలన్నీ పరీక్ష అయ్యాకే పెట్టుకుందాం. కొందరు జపాన్‌తో యుద్ధం త్వరగా ముగిసి అమెరికన్ సైనికుల ప్రాణాలు దక్కుతాయన్నారు. ఇంకొందరు, జర్మనీ సంగతి తేలిపోయాక పని ఆపాల్సిందే అని మనసులో ఒప్పుకున్నారు, కానీ వెళ్లిపోతే కెరీర్ దెబ్బతింటుందని భయపడ్డారు. వీళ్లందరినీ కలిపినా తక్కువే. మెజారిటీకి అసలు ఈ బాధే లేదు. మన పని మనం చేద్దాం, వాడకం సంగతి పైవాళ్లు చూసుకుంటారు అనుకున్నారు.

ఈ జాబితాను నువ్వు మళ్లీ ఒకసారి చదువు తల్లీ. అందులో లాస్ అలమోస్‌కు మాత్రమే చెందిన కారణం జపాన్ యుద్ధం ఒక్కటే. మిగతా మూడూ ఏ ప్రయోగశాలలో, ఏ ఆఫీసులో అయినా కనిపిస్తాయి. మొదటిది ఫిజిక్స్ ప్రేమించేవాళ్లకు మరీ ప్రమాదకరం, ఎందుకంటే అది మంచి గుణం. నీలో, నాలో, ప్రతి మంచి విద్యార్థిలో ఉండే గుణం. లెక్క కుదిరితే చూడాలన్న ఆ తహతహే మనల్ని ఈ సబ్జెక్టులోకి లాగింది. కొండ వాలులో దిగుతున్న ఎద్దుల బండి లాంటిది పెద్ద ప్రాజెక్టు. ఎక్కినప్పుడు ఏ ఊరికని ఎక్కామో, ఆ ఊరు దాటిపోయినా దిగడానికి చేతులు రావు.

ఆయన మౌనం గురించి కూడా నా అభిప్రాయం చెప్తాను. 1944 డిసెంబర్ నుంచి 1945 ఆగస్టు దాకా ఆయన బయటివాళ్లెవరికీ నోరు విప్పలేదు. యుద్ధ రహస్యం. చెప్తే జైలు. అయినా ఆ ఎనిమిది నెలలు చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. హిరోషిమా వార్త ఆయనకు తెలిసింది బీబీసీ రేడియోలోనే. బాంబు పేలకపోవచ్చని, పేలినా జనం మీద వేయరని లోలోపల ఒక ఆశ పెట్టుకున్నారు. రెండూ తప్పాయి. ఆ తర్వాత తన మొదటి షరతును కూడా ఆయన విడిచిపెట్టకుండా పరిశీలించుకున్నారు. మన దగ్గర బాంబు ఉంటే హిట్లర్ భయపడి ఆగేవాడన్న లెక్కే సరైంది కాదని తేల్చుకున్నారు. బెర్లిన్ బంకర్‌లో చివరి ఘడియల్లో ఉన్న అలాంటి మనిషి చేతిలో బాంబు ఉంటే, తన జనానికి ఏమైనా సరే లండన్ మీద వేయమనే ఆజ్ఞ ఇచ్చేవాడన్నారు. అణ్వాయుధాలు శాంతిని కాపాడతాయనే వాదనకు ఇంతకన్నా సూటి జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

"చేతులకు మసి అంటకుండా చూసుకున్నాడు" అన్న మాటకు అసలైన జవాబు 1945 తర్వాతి ఆయన జీవితం. మసి అంటకపోవడమే కావాల్సి ఉంటే హాయిగా కేంద్రక భౌతికశాస్త్రంలో వేరే పరిశోధన చేసుకునేవారు. ఆయన తన ఫిజిక్స్ మనుషులకు పనికొచ్చేది కావాలని వైద్యం వైపు తిరిగారు. 1950 నుంచి 1976 దాకా లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రి వైద్య కళాశాలలో ఫిజిక్స్ ప్రొఫెసర్. రేడియేషన్ జీవకణాలకు ఏం చేస్తుందో పరిశోధించారు. 1947లో అణుశక్తి గురించి జనానికి చెప్పడానికి ఒక రైల్లో ప్రదర్శన ఏర్పాటుచేసి బ్రిటన్ అంతా తిప్పారు.

ఇక బ్రావో అనే బాంబు పరీక్ష కథ. నువ్వు ఫిజిక్స్ విద్యార్థివి కాబట్టి ఇది నీకు బాగా అర్థమవుతుంది, నీ సెమినార్‌లో చెప్పాల్సింది కూడా ఇదే. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్‌లోని బికినీ దీవి దగ్గర ఒక హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. 6 మెగాటన్నుల (ఒక మెగాటన్ను అంటే పది లక్షల టన్నుల టీఎన్‌టీ పేలుడు శక్తి) దాకా వస్తుందనుకుంటే 15 మెగాటన్నులు వచ్చింది. నిషిద్ధ ప్రాంతానికి బయటే చేపలు పడుతున్న జపాన్ పడవ లక్కీ డ్రాగన్ మీద తెల్లటి బూడిద రాలింది. అందులోని 23 మందీ జబ్బుపడ్డారు, రేడియో ఆపరేటర్ కుబొయామా ఆ సెప్టెంబర్‌లో చనిపోయాడు. హైడ్రోజన్ బాంబులో శక్తి ఎక్కువ భాగం సంలీనం నుంచి, అంటే తేలికైన కేంద్రకాలు కలిసిపోవడం నుంచి వస్తుంది, సంలీనంలో రేడియోధార్మికమైన విచ్ఛిత్తి శకలాలు పుట్టవు, కాబట్టి అది "శుభ్రమైన" బాంబు అని అప్పటి ప్రచారం. ఆ పడవను పరిశీలించిన జపాన్ శాస్త్రవేత్త యసుషి నిషివాకి బెల్జియంలో జరిగిన ఒక సమావేశంలో రాట్‌బ్లాట్‌ను కలిశారు, తన కొలతలు చూపించారు. రాట్‌బ్లాట్ లెక్క వేసి చూస్తే ఆ బూడిదలోని రేడియోధార్మికత సంలీన బాంబుకు ఉండాల్సిన దానికన్నా ఎంతో ఎక్కువ. కారణం ఒక్కటే కావాలి. సంలీనంలో పుట్టిన వేగవంతమైన న్యూట్రాన్లు బయటి సహజ యురేనియం పొరలో ఎక్కువ భాగమైన యు-238 అనే రకాన్ని పగలగొడుతున్నాయి. విచ్ఛిత్తి, సంలీనం, మళ్లీ విచ్ఛిత్తి. మూడు దశలు. ప్రభుత్వాలు దాచిన విషయాన్ని ఆయన ఒక పడవ మీది బూడిద ఆధారంగా లెక్కగట్టి 1955లో ప్రచురించారు. ప్రచురించవద్దని పెద్దవాళ్లు నచ్చజెప్పినా ఆగలేదు.

లాస్ అలమోస్ నుంచి బయటికి రావడం ఒక్కటే చేసి ఉంటే నేను ఈ కథ పిల్లలకు చెప్పేవాణ్ణి కాదేమో. బాంబు చేయడానికి పనికొచ్చే విద్యనే బాంబు గురించి నిజం చెప్పడానికి వాడారు. అందుకు ఫిజిక్స్ బాగా రావాలి. నినాదం సరిపోదు.

ఆ ఏడాదే, 1955 జూలై 9న, లండన్‌లో అణుయుద్ధ ప్రమాదం గురించి హెచ్చరిస్తూ తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్, ఐన్‌స్టీన్‌ల ప్రకటన విడుదలైంది. ఐన్‌స్టీన్ చనిపోవడానికి కొద్ది రోజుల ముందు చేసిన సంతకం అది. మొత్తం 11 మంది సంతకం చేస్తే అందరికన్నా చిన్నవాడు రాట్‌బ్లాట్, ఆ విలేకరుల సమావేశానికి అధ్యక్షత వహించింది ఆయనే. మీ మానవత్వాన్ని గుర్తుంచుకోండి, మిగతాది మరచిపోండి అన్న మాట అందులోదే. దాని కొనసాగింపుగా అమెరికా వైపు, సోవియట్ వైపు శాస్త్రవేత్తలు ముఖాముఖి కూర్చునే సమావేశం పెట్టాలనుకున్నారు. మొదట అనుకున్న చోటు మన ఢిల్లీ, నెహ్రూ ఆహ్వానించారు. ఈజిప్టులోని సూయజ్ కాలువ మీద 1956లో వచ్చిన యుద్ధ సంక్షోభం వల్ల కుదరలేదు. చివరికి 1957 జూలైలో కెనడాలోని పగ్వాష్ అనే చిన్న పల్లెలో 22 మందితో జరిగింది. ఆ ఊరి పేరే ఉద్యమం పేరైంది. 1973 దాకా దానికి ప్రధాన కార్యదర్శి రాట్‌బ్లాటే. వాతావరణంలో, అంతరిక్షంలో, నీటిలో పరీక్షలను నిషేధించిన 1963 ఒప్పందానికి దారి వేయడంలో ఆ సమావేశాల్లో జరిగిన సాంకేతిక చర్చలకు పాత్ర ఉంది. ఆ ఒప్పందం మీద మన దేశమూ సంతకం చేసింది. 1995లో నోబెల్ శాంతి బహుమతి సగం ఆయనకు, సగం పగ్వాష్‌కు ఇచ్చారు. అప్పటికి ఆయనకు 87 ఏళ్లు. డాక్టర్లు వృత్తిలో చేరేటప్పుడు ప్రమాణం చేసినట్టు శాస్త్రవేత్తలకూ ఒక ప్రమాణం ఉండాలన్నది ఆయన చివరిదాకా చెప్పిన మాట. 2005లో కన్నుమూశారు.

ఆయన దారి ఒక్కటే దారి అని నేననను. లీజ్ మైట్నర్ బాంబుతో నాకేం సంబంధం లేదని అసలు వెళ్లనే లేదు. విచ్ఛిత్తికి సైద్ధాంతిక వివరణ ఇచ్చిన ఇద్దరిలో ఆమె ఒకరు, రమ్మని పిలిచారు కూడా. మరో శాస్త్రవేత్త లియో జిలార్డ్ బాంబు ప్రాజెక్టు లోపలే ఉండి, జపాన్ మీద ముందస్తు హెచ్చరిక లేకుండా వాడవద్దని 1945 జూలైలో 70 మంది సంతకాలతో విన్నపం రాశారు. అది ప్రెసిడెంట్ కంటబడకుండా ఆపేశారు. రష్యన్ శాస్త్రవేత్త ఆండ్రే సఖరోవ్ సోవియట్ హైడ్రోజన్ బాంబు తయారుచేసి, తర్వాత ఎదురుతిరిగి ఏళ్ల తరబడి గోర్కీ నగరంలో నిర్బంధం అనుభవించారు. వీళ్లలో ఎవరు ఎక్కువ అని పోటీ పెట్టడం నాకిష్టం లేదు. కానీ ఉద్యోగం మొదలుపెట్టబోతున్న నీలాంటివాళ్లకు రాట్‌బ్లాట్ కథే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ఆయన లోపలికి వెళ్లి, కారణం తప్పాక బయటికొచ్చారు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. ఇదంతా ఎక్కడో అమెరికా ఎడారి విషయం అనుకోవడానికి మనకు వీల్లేదు. మా కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. 2007లో శంకుస్థాపన జరిగింది. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో కొందరు అక్కడ పనిచేస్తున్నారు. "సార్, మేం బాంబు పని చేస్తున్నట్టేనా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు చెప్పిందే నీకూ చెప్తాను. సహజ యురేనియంలో విచ్ఛిత్తికి సులువుగా లొంగే యు-235 సుమారు 0.7 శాతం. బాంబుకు దాన్ని 90 శాతం దరిదాపులకు తేవాలి. తుమ్మలపల్లె మిల్లులో ఖనిజాన్ని క్షార పద్ధతిలో కరిగించి సోడియం డైయురేనేట్ అనే పసుపు పొడి తీస్తారు. రియాక్టర్లకు ఇంధనం తయారయ్యేది హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. కాబట్టి ఆ పొడిని చూసి అది బాంబు అనడం తప్పు. (అక్కడి టెయిలింగ్ పాండ్, అంటే మిల్లు వ్యర్థాలు నిల్వచేసే చెరువు చుట్టుపక్కల రైతులు తమ బోరునీళ్ల గురించి, అరటి తోటల గురించి చేస్తున్న ఫిర్యాదులు వేరే చర్చ. అది కూడా చిన్న విషయం కాదు.)

అయితే అంతటితో మాట ముగియదు. సహజ యురేనియం ఇంధనంగా నడిచే రియాక్టర్‌లో యు-238 న్యూట్రాన్‌ను పీల్చుకుని ప్లుటోనియం అవుతుంది. ముంబైలోని ట్రాంబేలో ఉన్న భాభా అణు పరిశోధనా కేంద్రానికి సైరస్ రియాక్టర్‌ను కెనడా శాంతియుత అవసరాల కోసమని ఇచ్చింది. అందులోంచి తీసిన ప్లుటోనియంతోనే 1974 మే 18న పోఖ్రాన్ పరీక్ష జరిగింది. మన ప్రభుత్వం దాన్ని శాంతియుత పేలుడు అంది, కెనడా ఒప్పుకోలేదు, సహకారం ఆపేసింది. దేశాల మధ్య షరతుల గతే ఇలా ఉన్నప్పుడు, ఒక ఉద్యోగి మనసులో పెట్టుకున్న షరతును సంస్థ గుర్తుపెట్టుకుంటుందని ఆశించకూడదు. ఆ బాధ్యత నీదే.

అదే ట్రాంబే నుంచి టీఏజీ-24 వేరుశనగ కూడా వచ్చింది. రేడియేషన్‌తో జన్యువుల్లో మార్పులు (ఉత్పరివర్తనాలు) కలిగించి తయారుచేసిన రకాల వరసలోది. శనక్కాయ పండించే మీ జిల్లా రైతులకు ఆ పేరు కొత్త కాదు. క్యాన్సర్ చికిత్సకు, ఆహార నిల్వకు, పరిశ్రమలకు పనికొచ్చే పరిశోధనా అక్కడ జరుగుతుంది. ఒకే గేటు లోపల ఇవన్నీ ఉన్నాయి. అందుకే "అణుశక్తి సంస్థలో చేరడం తప్పా?" అన్న ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పలేను. ఏ విభాగం, ఏ పని, ఆ పని ఎటు పోతుంది అని అడగాలి.

రక్షణ సంస్థల విషయంలోనూ అంతే. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర కేంద్ర ప్రభుత్వ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్డీఓకు నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్ అనే పరీక్షా స్థలం ఉంది. 2025 ఏప్రిల్‌లో అక్కడే లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చి చూపించారు. మన ఊరి మీదికి వచ్చే డ్రోన్‌ను కూల్చే లేజర్‌నూ, ఒక ఊరిని పసిపిల్లలతో సహా కాల్చేసే బాంబునూ ఒకే తక్కెడలో పెట్టను. అణ్వాయుధానికి ఒక ప్రత్యేకత ఉంది. దాన్ని సైనికుల మీదే వేస్తాం, ఇంతవరకే తగులుతుంది అని చెప్పడం సాధ్యం కాదు. గాలి ఎటు వీస్తే అటు పోతుంది, ఇంకా పుట్టని పిల్లల దాకా వెళ్తుంది. ఇది నా అభిప్రాయం, దీని మీద నేను రాజీపడను.

దేశభక్తి మాట కూడా మీ ఇంట్లో వచ్చిందన్నావు. 1998 మే 11, 13 తేదీల్లో మనం మళ్లీ పోఖ్రాన్‌లో పరీక్షలు చేసినప్పుడు మా కాలేజీలో స్వీట్లు పంచారు. ఆ నెలాఖరుకే పాకిస్తాన్ చాగైలో పరీక్షలు చేసింది. రెండు దేశాల్లోనూ సంబరాల మధ్య వద్దన్న ఫిజిక్స్ మనుషులు ఉన్నారు. మన వైపు ఎం.వి. రమణ, అటు వైపు పర్వేజ్ హూద్‌భాయ్. వాళ్లు తమ దేశాలను ప్రేమించలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మరోవైపు రాజా రామన్న, అబ్దుల్ కలాం లాంటి పెద్దలు దేశ భద్రతకు ఇది అవసరమని నిండు మనసుతో నమ్మారు. వాళ్ల నిజాయితీని నేను శంకించను, వాళ్ల లెక్కతో ఏకీభవించను. 1946లోనే గాంధీగారు స్త్రీలు, పిల్లలు సహా జనం మూకుమ్మడి వినాశనానికి ఆటంబాంబు వాడటాన్ని విజ్ఞానశాస్త్రపు అత్యంత పైశాచికమైన వాడకంగా చెప్పారు. అలా అనడం ఈ దేశంలో కొత్తా కాదు, ద్రోహమూ కాదు.

మీ నాన్నగారి మాట తీసిపారేయవద్దు. వాన నమ్ముకుని బతికే మన జిల్లాల్లో కూతురికి ప్రభుత్వ ఉద్యోగం రావాలని తండ్రి కోరుకోవడంలో ఎంత భయం, ఎంత ప్రేమ ఉన్నాయో నాకు తెలుసు. పరీక్షలు రాయి. రాయడంలో ఆత్మవంచన లేదు. కానీ చేరేముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకో. నేను ఎందుకు చేరుతున్నాను. నా పని దేనికి వాడతారని నాకు చెప్పారు. ఏం జరిగితే నేను ఆపేస్తాను. ఆ కాగితం మీ నాన్నగారికి చూపించు, తేదీ వేసి దాచుకో, ఏటా ఒకసారి తీసి చదువు. మనసులో అనుకుంటే చాలదు, జీతం పెరిగేకొద్దీ మనసు తన షరతులు తనే మార్చుకుంటుంది. ఇంటర్వ్యూలో ఏ విభాగాల్లో ఖాళీలున్నాయో మర్యాదగా అడగొచ్చు. శిక్షణ కోర్సులకు బాండ్ ఉంటుంది, ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది చదివాకే సంతకం పెట్టు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉద్యోగం వదిలేశాక కూడా నిన్ను వదలదు. తర్వాత నోరు విప్పలేని చోటికి వెళ్తున్నప్పుడు ముందే ఎక్కువ ప్రశ్నలు అడగాలి. ఇంకొకటి, చేరిన మొదటి రోజు నుంచీ కొన్ని నెలల జీతం పక్కన పెట్టుకో. మానేయాలనుకున్న రోజు ఇంటి అద్దెకు డబ్బు లేకపోతే ఎంత గట్టి షరతైనా నిలవడం కష్టం.

నీకు ఇష్టమైతే రాట్‌బ్లాట్ ఎంచుకున్న రంగమే ఉంది. క్యాన్సర్ ఆస్పత్రిలో రేడియేషన్ చికిత్స ఇవ్వాలంటే డాక్టర్ ఒక్కరే చాలరు. గడ్డకు ఎంత మోతాదు, పక్కన ఉన్న మంచి కణజాలానికి ఎంత తగ్గించాలి, యంత్రం నిజంగా అంతే ఇస్తోందా అని లెక్కగట్టి కొలిచే మెడికల్ ఫిజిసిస్ట్ తప్పనిసరి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసినవాళ్లకు ట్రాంబేలోనే ఏడాది డిప్లొమా ఇన్ రేడియలాజికల్ ఫిజిక్స్ ఉంది, ఆ తర్వాత ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. దీనికీ ప్రవేశ పరీక్ష ఉంటుంది, నువ్వు ఇప్పుడు చదువుతున్న న్యూక్లియర్, క్వాంటం, ఎలక్ట్రోడైనమిక్స్ అందులోనూ పనికొస్తాయి. కర్నూలులో ప్రభుత్వ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అనుమతి అడిగి ఒక రోజు అక్కడి రేడియోథెరపీ విభాగంలో మెడికల్ ఫిజిసిస్ట్‌తో మాట్లాడు, రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ యంత్రం ఎలా పనిచేస్తుందో దగ్గరుండి చూడు. మీ నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లు. జీతం, పోస్టులు, ప్రమోషన్ల గురించి ఆయనకున్న అనుమానాలు అక్కడే అడిగి తీర్చుకుంటారు.